వేరే ఇంట్లో ఒక కాపీ

మే 5, సోమవారం

ఈ ఫైలుకి ఏం పేరు పెట్టాలో తోచక "పాత స్టాకు" అని పెట్టాను. ఆ పేరు చూస్తే ఎవరూ తెరవరు. తెరవడానికి ఉన్నదెవరు గనక! కింద షాపులో నేనొక్కణ్ణే, పైన ఇంట్లో కూడా ప్రస్తుతానికి నేనొక్కణ్ణే.

ప్రస్తుతానికి అంటే, మా ఆవిడ వాళ్ళ చెల్లెలింటికి వెళ్ళింది. ఎండలు తగ్గేదాకా. మా మేడమీద గది మామూలుగానే పొయ్యి, దానికి తోడు ఆవిడ కంప్యూటరు. బట్టల మీద ఎంబ్రాయిడరీ మెషీను కుట్టే డిజైన్లు చేస్తుంది ఆవిడ. ఆ సాఫ్ట్‌వేరు తెరిచిందంటే చాలు, డబ్బా వెనక నుంచి వేడిగాలి, లోపల ఫ్యాను మోత. ఆ మోతకి పిండిమర అని పేరు పెట్టింది కూడా ఆవిడే. "మీ పిండిమర మొదలైంది, ఇక నా మాట మీకేం వినపడుతుంది" అనేది.

పోయిన నెల ఏదో బడివాళ్ళ బ్యాడ్జీలు చేస్తుంటే మధ్యలో వేడెక్కి ఆగిపోయింది. సేవ్ చేయలేదు. కిందికి దిగొచ్చి కౌంటరు దగ్గర నిలబడింది. నేను లెక్కల మాస్టారికి ర్యాము గురించి చెప్తున్నాను. "పాతది కదా, సర్దుకో. ఈ వారం చూస్తాను" అన్నాను. "ఏ వారం?" అంది. షాపులో ఉన్నవాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను.

గొడవేం పడలేదు. పెద్ద బ్యాగు ఎక్కడుందని మాత్రం అడిగింది.

అందుకే ఒక నిర్ణయానికి వచ్చాను. ఆవిడ వచ్చేసరికి ఆ కంప్యూటరు చప్పుడు లేకుండా, చల్లగా, చిటికెలో తెరుచుకునేలా చేసిపెట్టాలి. అది చూస్తే మళ్ళీ వెళ్ళే మాటే ఎత్తదు.

మే 6, మంగళవారం

లెక్కల మాస్టారు కంప్యూటరు మోసుకొచ్చాడు. రిటైరయ్యాక ఇంట్లోంచే పిల్లలకి ఆన్‌లైన్‌లో పాఠాలు చెప్తున్నాడు. పాఠం మధ్యలో ఆగిపోతోందట.

"ఎక్కడ పెట్టారు మాస్టారూ దీన్ని?"

"బీరువాలో. తలుపు కూడా వేస్తాను, దుమ్ము పడకుండా. పైన దుప్పటి కప్పాను."

"మాస్టారూ, మీ ముక్కూ నోరూ మూసి మేడ మెట్లెక్కమంటే ఎక్కుతారా?"

"నన్నెందుకు ఎక్కిస్తావయ్యా మధ్యలో?"

కూర్చోబెట్టి చెప్పాను. గాలి ముందు నుంచి లోపలికి రావాలి, వెనక నుంచి బయటికి పోవాలి, గోడకీ దానికీ మధ్య జానెడు సందుండాలి, జాలీ అప్పుడప్పుడూ తీసి దులపాలి. పాత డిస్కు పారేయక్కర్లేదు, పాఠాల వీడియోలు దాచుకోవడానికి అదే ఉంటుంది. విండోస్ మాత్రం కొత్త ఎస్ఎస్‌డీ మీదికి మార్చుకుంటే కొత్త కంప్యూటరు కొన్నట్టే. ఎప్పుడూ చెప్పేది కూడా చెప్పాను: ఒక కాపీ కంప్యూటర్లో, ఇంకోటి బయట డిస్కులో, మరోటి వేరే ఇంట్లో. పైపు పగిలినా, దొంగలు పడినా వేరే ఇంట్లోది మిగులుతుంది.

"నాకు వేరే ఇల్లెక్కడిదయ్యా?"

"మీ అల్లుడింట్లో పెట్టండి."

"దానికన్నా పైపు పగలడమే నయం."

మా ఆవిడ ఉంటే మెట్ల మీద నుంచే నవ్వేది. నేను "మరోటి..." అనగానే పైన నిలబడి "వేరే ఇంట్లో" అని తనే అనేది. రోజూ అదే పాట అని.

మాస్టారు వెళ్ళి ఇంటికి చేరాక కూడా ఫోన్ చేశాడు. ఏ వైరు ఎక్కడ గుచ్చాలో మొత్తం చెప్పాను. కొన్నది స్క్రూల పొట్లం. అయినా ఇలాంటివాళ్ళే షాపుని నిలబెడతారు.

మే 8, గురువారం

ఆవిడ మెసేజి పెట్టింది. "ఎర్ర దారాల డబ్బా పంపండి."

వెంటనే పంపాను. అక్కడ కూడా పని మానలేదన్నమాట. మంచిదే.

మే 9, శుక్రవారం

ఆవిడ కంప్యూటరు కిందికి దించి తెరిచాను.

ఎన్ని డబ్బాలు తెరిచాను నా జన్మలో! జుట్టు, చీమలు, ఒకసారి బల్లి. ఇందులో మాత్రం దారాలు. ఫ్యాను రెక్కల చుట్టూ, జాలీలో, పవర్ సప్లై మూలల్లో ఎరుపు, ఆకుపచ్చ, బంగారు రంగు దారాల ముక్కలు దుమ్ముతో కలిసి మెత్తటి గుడ్డలా అల్లుకుపోయాయి. గాలిపంపుతో ఊదబోయి ఆగాను. చిన్న పట్టకారుతో ఒక్కొక్కటీ తీశాను. తీసినవి ఎందుకో పారేయలేదు, స్క్రూల డబ్బా మూతలో వేశాను.

ప్రాసెసర్ మీద వేడి లాగే పేస్టు ఎండి సున్నంలా రాలింది. ఎన్నేళ్ళైంది మార్చి! మార్చిందే లేదు. బయటివాళ్ళకైతే టీ తాగేలోపు చేసిచ్చే పని.

పాత ఫ్యాను పీకేశాను. కొత్త కూలరు పెట్టాను, పెద్ద రెక్కలది, మెల్లగా తిరుగుతుంది, చప్పుడుండదు. ర్యాము రెండూ ఒకే జతవి వేశాను. ఇక డిస్కు మార్చడమే. ఆవిడ డిస్కు నిండిపోయి ఎర్రగీత ఎప్పుడు కనపడటం మొదలైందో నాకు తెలియదు. ఎప్పుడూ చెప్పలేదు.

చెప్పిందేమో.

మే 11, ఆదివారం

మరదలు ఫోన్ చేసింది.

"బావగారూ, అక్క గుడ్డ బిగించే ఫ్రేములు పంపమంటోంది. గుండ్రంవీ, పలకవీ రెండూ."

"పంపుతాను. మీ అక్కకి ఇవ్వు ఫోను."

"స్నానానికెళ్ళింది."

"ఎండలు ఎలా ఉన్నాయి అక్కడ?"

"ఇక్కడేం ఎండలు బావగారూ, నిన్నట్నుంచీ వాన."

"అయితే ఒంట్లో బాగానే ఉందా?"

"బాగుంది. నవ్వుతోంది కూడా" అంది. 'కూడా' ఏంటో.

ఫ్రేములన్నీ పాత టవలులో చుట్టి పంపాను. దారాలు అడిగింది, ఫ్రేములు అడిగింది. కంప్యూటరు మాత్రం అడగలేదు. అది గమనించాలి. నిజంగా అక్కడే ఉండిపోయే ఉద్దేశమైతే మొదట అడగాల్సింది కంప్యూటరే కదా. డిజైన్లన్నీ అందులోనే ఉన్నాయి. అవి లేకుండా ఆవిడ పని ఒక్క రోజు సాగదు. అంటే వస్తుంది.

మే 12, సోమవారం

డిస్కులు కాపీ చేసే నా డాకు కాలిపోయింది. అదొక చిన్న పెట్టె. ముందూ వెనకా ఉన్న రెండు గాడుల్లో రెండు డిస్కులు నిలబెట్టి బటను నొక్కితే ఒకదాంట్లో ఉన్నదంతా రెండోదాంట్లోకి వెళ్తుంది, కంప్యూటరు కూడా అక్కర్లేదు. ఇన్నేళ్ళుగా దాంతోనే పని. సరిగ్గా ఇప్పుడే పోవాలా!

ఎదురుకొట్టు రంగులబాబుని అడిగాను. ఆ పేరు నేను పెట్టిందే. అతని షాపులో కంప్యూటర్లన్నీ పెళ్ళివారి ఇళ్ళలా రంగురంగుల దీపాలతో వెలుగుతుంటాయి. చల్లబరుస్తాయో లేదో గానీ దారినపోయే పిల్లలందరినీ ఆపుతాయి. డాకు తనే తెచ్చిచ్చాడు. తెచ్చి, బల్ల మీద డబ్బా వంక చూసి ఆగాడు.

"ఇది వదినది కదన్నా?"

"నీకెలా తెలుసు?"

"అదే... పక్కన పువ్వు స్టిక్కరుంది కదా." చెవి గోక్కున్నాడు. "ఇప్పుడు బాగుచేస్తున్నారా?"

"ఇప్పుడు చేయకపోతే ఎప్పుడు చేస్తాను? వచ్చేలోపు చేయాలి కదా."

అతను డాకు వైరు విప్పి పెట్టాడు. కాసేపటికి, "అన్నా, ఈ డాకులో ఒక సంగతుంది, వెనక గాడి..." అన్నాడు.

"నువ్వు నాకు డాకు నేర్పుతావా? నువ్వు నిక్కర్లేసుకునేటప్పటి నుంచీ డిస్కులు మారుస్తున్నాను నేను. పో, నీ దీపాలు ఆరిపోతున్నాయి చూసుకో."

నవ్వి వెళ్ళిపోయాడు. మంచివాడే. నోరే ఎక్కువ.

మే 13, మంగళవారం

పొద్దున్నే మొదలుపెట్టాను. ముందు గాడిలో ఆవిడ పాత డిస్కు, వెనక గాడిలో కొత్తది. రెండూ ఒకే సైజు. బటను నొక్కాను. దీపాలు ఒక్కొక్కటీ వెలుగుతూ వచ్చాయి. మధ్యలో మాస్టారు ఫోను, ఆయన మౌసు ఎడమచేత్తో వాడటం ఎలాగని. చెప్పాను. అయిపోయేసరికి భోజనాల వేళయింది.

మధ్యాహ్నం

రెండూ ఖాళీ.

మే 14, బుధవారం

నా డాకులో ముందుది అసలు, వెనకది నకలు. అతనిదాంట్లో తిరగేసి ఉంది. వెనకది అసలు. అడుగున చిన్న అక్షరాల్లో రాసే ఉంది. అతను చెప్పబోయింది కూడా అదే.

ఖాళీని తెచ్చి నిండుదాని మీద పోశాను.

చెరిపేసినవైతే తీయొచ్చు. పగిలిన డిస్కులోంచి కూడా తీశాను నేను, ఫొటో స్టూడియో ఆయన ఏడ్చుకుంటూ వస్తే. ఇది అలా కాదు. మొదటి అక్షరం నుంచి చివరిదాకా దాని మీద ఇంకోటి రాసేసింది. నా దగ్గరున్న సాఫ్ట్‌వేర్లన్నీ పెట్టి చూశాను. షట్టరు సగం దించి కూర్చున్నాను. ఇద్దరు ముగ్గురు వంగి చూసి, "లేరా?" అని అడిగి పోయారు.

ముందు ఇంకో కాపీ తీసిపెట్టుకుని తర్వాత డిస్కు ముట్టాలి. ఎవరొచ్చినా మొదట చెప్పేది అదే. బోర్డు రాయించి గోడకి కూడా తగిలించాను.

మెడ చుట్టూ అల్లే తీగలు, చిన్నపిల్లల గౌన్ల మీది కుందేళ్ళు, ఒక బాతుల వరస. ఆ వరసలో చివరి బాతు తల వెనక్కి తిప్పి ఉంటుంది. "ఇదెందుకు వెనక్కి చూస్తోంది?" అని అడిగాను ఒకసారి. ఏదో చెప్పింది. ఏం చెప్పిందో గుర్తు రావడం లేదు. అప్పుడేదో ఫోనొచ్చింది.

మే 15, గురువారం

చెప్పలేదు.

మే 16, శుక్రవారం

చెప్పేశాను. మరదలికి ఫోన్ చేసి, మీ అక్క స్నానంలో ఉన్నా సరే తలుపు దగ్గరికి తీసుకెళ్ళి ఇవ్వమన్నాను. ఆవిడే తీసుకుంది.

"భోంచేశారా?" అంది మొదట.

"నీ డిజైన్లు పోయాయి."

"ఏ డిజైన్లు?"

"అన్నీ. కొత్త డిస్కు వేద్దామని... తిరగేసి పెట్టాను. అంతా నా చేతులతోనే తుడిచేశాను. కుందేళ్ళు, బాతులు, ఏదీ లేదు."

"ఓ, అవా."

"అవా అంటావేంటి?"

"నా దగ్గరున్నాయండీ."

"నీ దగ్గరంటే?"

"ఒక కాపీ వేరే ఇంట్లో ఉండాలని మీరే చెప్తారుగా అందరికీ. చెల్లి ఇంట్లో పెట్టాను."

"ఎవరు చేసిచ్చారు?"

"ఎదురుకొట్టు తమ్ముడు. ఇక్కడ నేను వాడే కంప్యూటరు కూడా అతనే తెచ్చి బిగించాడు. చెప్పొద్దని నేనే అన్నాను, అతన్నేం అనకండి."

"నన్నడిగితే చేయనా నేను?"

అవతల వాన చప్పుడు వినిపించింది.

"అడిగానండీ" అంది.

"ఆ బ్యాడ్జీలు పోయాక చేయించావా కాపీ?"

"కాదు. అంతకుముందే. చలికాలంలోనే మొదలుపెట్టాను."

"మరి ఇన్నాళ్ళూ..."

"భోంచేయండి. వేళ దాటుతోంది" అంది.

బతికిపోయాను. ఒక్క కుందేలు కూడా పోలేదు. ఈ రెండు రోజులూ అన్నం దిగలేదు, ఇప్పుడు తినొచ్చు. ఎంత తెలివైనది! నా కస్టమర్లలో ఒక్కడూ చేయడు, చెప్పీ చెప్పీ నాలుక అరిగింది. ఆవిడ చేసింది.

మే 17, శనివారం

చలికాలంలో ఆ కంప్యూటరు వేడెక్కదు. ఫ్యాను కూడా మెల్లగానే తిరుగుతుంది. పిండిమర అనేంత మోత ఉండదు. పైగా ఆవిడ పొద్దున్నే అరచేతులు దాని వెనక పెట్టి కాచుకునేది.

చలికాలంలో ఎందుకు చేయించింది?

మెసేజి వచ్చింది. రేపు వస్తోందట. మరదలి భర్త వ్యాను వేసుకుని. మేడ మీదున్న ఎంబ్రాయిడరీ మెషీను కోసం.

కొత్త డిస్కులో మళ్ళీ అన్నీ ఎక్కించాను. సాఫ్ట్‌వేరు, ఫాంట్లు, ఆవిడకి అలవాటైన తెర బొమ్మతో సహా. డిజైన్లు ఒక్కటే లేవు. అవి ఆవిడ దగ్గరే ఉన్నాయి కదా, పది నిమిషాల పని. తెచ్చుకుంటే చాలు. డబ్బా మళ్ళీ పైకి మోసి ఆవిడ బల్ల మీద పెట్టాను.

మే 18, ఆదివారం

వచ్చింది. కాస్త ఒళ్ళు చేసింది. తోడల్లుడు, వ్యాను డ్రైవరు కలిసి మెషీను దించుతుంటే నేను మెట్ల దగ్గర "మూల జాగ్రత్త, మూల జాగ్రత్త" అంటూ అడ్డం తిరిగాను. "అన్నయ్యగారూ, మీరు కాస్త తప్పుకుంటే మూలకేం కాదు" అన్నాడు తోడల్లుడు. ఆవిడ నవ్వింది. అది బాగుంది.

వాళ్ళు కింద తాళ్ళు బిగిస్తుంటే గదిలో మేమిద్దరమే మిగిలాం. ఆవిడ తన కుర్చీలో కూర్చుంది. తెర నల్లగా ఉంది.

"ఆన్ చేసి చూపిస్తారా?" అంది.

"ఆన్‌లోనే ఉంది. మౌసు కదుపు."

కదిపింది. వెంటనే తెర వెలిగింది. సాఫ్ట్‌వేరు మీద నొక్కితే ఆవిడ చెయ్యి తీసేలోపు తెరుచుకుంది. చెవి దగ్గరగా పెట్టి విన్నది. తర్వాత అలవాటుగా అరచెయ్యి డబ్బా వెనక పెట్టింది.

"చల్లగా ఉంది" అంది.

"కొత్త కూలరు. గాలి ముందు నుంచి తీసుకుని..."

"వెనక నుంచి వదులుతుంది. తెలుసు."

"తీసుకెళ్తావా? నీదే కదా."

"అక్కడ ఒకటుంది కదండీ. ఇది షాపులో పెట్టుకోండి, ఎవరికైనా పనికొస్తుంది."

చాలా సేపు ఖాళీ తెర వంకే చూస్తూ కూర్చుంది. నేను పక్కనే నిలబడి ఉన్నాను. మా ఇంట్లో అంత నిశ్శబ్దంగా ఎప్పుడూ లేదు. కింద తాడు లాగుతున్న చప్పుడు కూడా వినపడుతోంది.

"మీతో ఒక మాట చెప్పాలండీ" అంది. "చాన్నాళ్ళ నుంచీ చెప్పాలనుకుంటున్నాను."

ఫోను మోగింది. మాస్టారు.

"ఒక్క నిమిషం" అన్నాను.

పొగ వస్తోందన్నాడు. మనిషి కంగారుపడుతున్నాడు, ఎత్తకుండా ఎలా ఉంటాం? ముందు ప్లగ్గు పీకమన్నాను. ఏ ప్లగ్గన్నాడు. నల్లదన్నాను. అన్నీ నల్లవే అన్నాడు. బాల్కనీలోకెళ్ళి గట్టిగా చెప్పాల్సి వచ్చింది. తీరా చూస్తే ఆయన మళ్ళీ బీరువాలో పెట్టి దుప్పటి కప్పాడు, అందులోంచి వేడి దుమ్ము వాసన. పొగా లేదు, ఏమీ లేదు. దుప్పటి తీసేయమన్నాను. "చలికాలంలో కప్పొచ్చా?" అని అడిగాడు. ఎప్పుడూ కప్పకూడదన్నాను.

లోపలికి వచ్చేసరికి కుర్చీ బల్ల కిందికి తోసి ఉంది. కంప్యూటరు పద్ధతిగా ఆపేసి ఉంది. ప్లగ్గు పీకి, వైరు చుట్టి, ఎర్రదారంతో ముడేసి ఉంది. చాలాకాలం వాడమని అనుకున్న వస్తువుల్ని ఆవిడ అలాగే కడుతుంది. చలికోట్లు, పాత ఇస్త్రీపెట్టె, అన్నీ.

బాల్కనీలోకి మళ్ళీ వెళ్ళాను. వ్యాను వీధి మలుపు తిరుగుతోంది. వెనక మెషీను మీద దుప్పటి కప్పారు.

మాస్టారి కంప్యూటరు బాగానే ఉంది.

మే 19, సోమవారం

రంగులబాబు వచ్చాడు, డాకు తీసుకుపోవడానికి. తల దించుకుని నిలబడ్డాడు.

"అన్నా, వదిన చెప్పొద్దంటే..."

"నువ్వు చెప్పబోయావు. నేను విన్లేదు. తీసుకుపో."

"టీ తాగుదామా అన్నా?"

"షాపు వదిలి ఎలా వస్తాను?" అన్నాను. షాపులో ఎవరూ లేరు.

మే 22, గురువారం

ఆ కంప్యూటరు కౌంటరు మీద పెట్టాను. పక్కన పువ్వు స్టిక్కరు పీకలేదు. ఇద్దరు అడిగారు. ఒకరికి వాళ్ళ పనికి ఇది చిన్నదవుతుందని చెప్పాను, ఇంకొకరికి పెద్దదవుతుందని చెప్పాను.

మే 24, శనివారం

పైన కూర్చోలేకపోతున్నాను. చప్పుడు లేదు.

మే 26, సోమవారం

ఆవిడ డబ్బాలోంచి పీకిన పాత ఫ్యాను చెత్తబుట్టలోనే ఉంది. తీసి, ఒక పాత పవర్ సప్లైకి వైర్లు కలిపి కౌంటరు మీద పెట్టి వదిలాను. మొదట గురకపెట్టింది, తర్వాత అందుకుంది. అదే మోత. స్క్రూల డబ్బా మూతలో దారాల ముక్కలు ఆ గాలికి ఎగిరి కౌంటరంతా పడ్డాయి. పడనీ అని ఊరుకున్నాను.

పొద్దుటి నుంచీ తిరుగుతూనే ఉంది. లెక్కలు చూసుకున్నాను, కేబుళ్ళు సర్దుకున్నాను. పని బాగా సాగింది.

సాయంత్రం మాస్టారు ఆయాసపడుతూ వచ్చాడు.

"ఏమయ్యా, ఇందాకట్నుంచీ ఫోన్ చేస్తున్నాను, ఎత్తవేంటి?"

"వినపడలేదు మాస్టారూ."

"ఎలా వినపడుతుంది, ఏంటయ్యా ఆ మోత? ఆపరాదూ!"

"ఆపకూడదు" అన్నాను. "టెస్టింగ్‌లో ఉంది."